మీకు తెలుసా? చేతి కోసం మెడకు కరెంటు
పక్షవాతంతో బలహీనపడిన చేతి కదలిక మెరుగుపడేందుకు మెడలోని వేగస్ నరానికి కరెంటు ఇస్తారు!

ఛాతీ చర్మం కింద పేస్‌మేకర్ లాంటి పరికరాన్ని అమరుస్తారు. రోగి గ్లాసు అందుకోవడం లాంటి పనులు సాధన చేస్తుంటే థెరపిస్టు బటన్ నొక్కుతారు. అర సెకను పాటు నరానికి విద్యుత్తు అందుతుంది. సరిగ్గా ఆ కదలిక సమయంలోనే అందడం ముఖ్యం.

బ్రిటన్, అమెరికాల్లో 108 మందితో జరిగిన పరీక్షలో, ఆసుపత్రి సాధన ముగిసిన 90 రోజులకు ఈ చికిత్స పొందినవారిలో 47 శాతం మంది చెప్పుకోదగ్గ స్థాయిలో మెరుగుపడ్డారు. పరికరం ఉన్నా నరానికి విద్యుత్తు అందకుండా సాధన చేసినవారిలో అది 24 శాతమే. పరీక్షలో పాల్గొన్నవాళ్లంతా పక్షవాతం వచ్చి కనీసం 9 నెలలైనవారు, ఇక కోలుకోరని చాలామంది వదిలేసే దశ అది! అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో దీనికి అనుమతినిచ్చింది. వ్యాయామం మాత్రం తప్పనిసరి.