ఇసుక తిన్నెలపై బంతియాట

శ్రోతలారా! నేడు నేనొక యాటను గూర్చి ముచ్చటింపదలచితిని. ఆటలు పిల్లలవి గదా, పెద్దలమగు మాకేల యని మీరనవచ్చును. కాని నేను చెప్పబోవునది ఆటకంటె ఆ యాట సాగు నేలను గూర్చియే యెక్కువ. అట్టి నేల మన కృష్ణాతీరమునందును గలదు.

ఆట పేరు గోల్ఫు. బిళ్లంగోడు నెఱిగినవారి కిది సులభముగ బోధపడును. నాలుగు తులములకు మించని గట్టి బంతిని కొన వంగిన కఱ్ఱతో గొట్టి, దూరమున నున్న గుంటలో పడవేయవలెను. గుంట వెడల్పు 4¼ అంగుళములు. అట్టి గుంటలు 18. తక్కువ దెబ్బలతో అన్నిటిని ముగించినవాడు గెలిచినవాడు. ఎదుటివానితోడి పోరుకంటె గాలితోను నేలతోను పోరే యిందు హెచ్చు.

ఈ యాట స్కాట్లండు దేశపు సముద్రతీరమున పెంపొందినది. జనులు విలువిద్య మాని దీని వెంటబడిరని 1457లో ఆ దేశపు శాసనసభ దీనిని నిషేధించెను. సముద్రమునకును పంటపొలములకును నడుమ సేద్యమునకు పనికిరాని యిసుక మిట్టలను అచటివారు లింక్సు అందురు. మిట్ట యను నర్థముగల ప్రాచీన పదమునుండి ఆ పేరు కలిగినది. ఇసుక నేల గనుక వాననీరు నిలువదు; ఉప్పుగాలికి పెద్ద చెట్లు పెరుగవు; గొఱ్ఱెలు మేయుటచే గడ్డి పొట్టిగ నుండెడిది. ఆ నేలను మొదట ఆటకై యెవరును నిర్మింపలేదు. సముద్రమును, గాలియు, గొఱ్ఱెలును సిద్ధపరచినవి.

అచట సెయింట్ ఆండ్రూస్ అను పట్టణమున, చీట్లు వేయగా నా పేరు వచ్చుటచే, పాత మైదానమున నేనును ఒక పర్యాయము ఆడితిని. ఒక దెస బూడిదవన్నె సముద్రము, వేఱొక దెస రాతి యిండ్లు. దూరమునుండి చూచిన నేల చదును. అడుగిడినచో కెరటములే గడ్డకట్టినట్లు మిట్టపల్లములు. నా కఱ్ఱలు మోయవచ్చిన వృద్ధుడు జెండాకు ఎడమగా గొట్టుమనెను. నేను వినక సూటిగ గొట్టితిని. గాలి బంతిని కుడివైపు ముళ్లపొదలలోనికి గొనిపోయెను. ఆపై అతడు చూపిన వైపునకే కొట్టితిని. పదునేడవ గుంటచెంత బంతి యిసుకగోతిలో పడగా, వెలికి దీయుటకు నాలుగు దెబ్బలు పట్టినవి. గాలికి జడిసి గొఱ్ఱెలు ఒదిగిన తావులే యిట్టి గోతులైనవని చెప్పుదురు.

నన్ను అబ్బురపరచినది ఆట కాదు. మొదటి గుంటకు బోవు దారికి అడ్డముగ ఒక బాట కలదు. ఆటగాండ్రు ఆగి, సముద్రమునకు బోవు జనులను దాటనిత్తురు. ఆదివారము సాధారణముగ అందు ఆట లేదు. ఊరివారు పిల్లలతో విహరింతురు. ఏలయన, ఆ నేల ఊరిది!

అది ఊరక దక్కలేదు. 1552లో అచటి ప్రధాన మతగురువు అందు కుందేళ్లను పెంచుటకు అనుమతి పొంది, ఊరివారు ఆడుకొను హక్కును వ్రాతమూలముగ నొప్పుకొనెను. 1797లో పురపాలక సంఘము అప్పులపాలై నేలను అమ్ముకొనెను. కొన్నవారు కుందేళ్లను పెంచగా, అవి నేలనంతయు త్రవ్వినవి. వ్యాజ్యములు ఏండ్ల తరబడి నడచినవి. 1821లో జేమ్స్ చీప్ అను భూస్వామి దానిని కొని ఆటను నిలిపెను. 1894లో శాసనము మూలముగ పట్టణము మరల పొందెను. 1974 నుండి ధర్మకర్తల సంఘము పాలించుచున్నది. చేజారిన యుమ్మడి నేల తిరిగి చేరుటకు దాదాపు నూఱేండ్లు పట్టినది!

ఇక మనవైపు చూతము. బందరు తీరమునను, దివిసీమ యొడ్డునను ఇసుక తిన్నెలపై బాలబంద తీగయు, రావణాసురుని మీసములను గడ్డియు అల్లుకొనును. వీనిని పనికిమాలిన పొదలని తలంతుము. గాలికెగిరిన యిసుక వాని నడుమ చిక్కి నిలుచును. మొక్క దానిని దాటి మరల పెరుగును. ఇట్లు తిన్నె యెత్తగును. అందు ఇంకిన వాననీరు ఉప్పునీటికంటె తేలిక గనుక దానిపై తేలి నిలుచును. కావుననే కడలికి కూతవేటు దూరమునను చెలమలో తియ్యని నీరూరును. తిన్నెను త్రవ్వి యమ్మినచో ఇసుకతోపాటు ఆ నీరును పోవును.

1864 నవంబరు 1న ఉప్పెన బందరును ముంచగా సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమలో సుమారు 5 మీటర్ల యెత్తున నీరు వచ్చి వేలాది జనులు గతించిరి. అంతటి యుప్పెనను తిన్నె యాపునని నేననను. కాని చిన్న తుపానుల కెరటములను అది విఱుచును. పెద్దవాని వడిని కొంత తగ్గించును.

సెయింట్ ఆండ్రూసువారు కోతపడిన తిన్నెలలో ఇసుక పోసి గడ్డి నాటుచున్నారు. వారు ఆటకై కాచిన నేలను మనము ప్రాణములకై కాచుకొనవలదా? పెద్దలారా! మీ గ్రామపు తిన్నె యే సర్వే నంబరున నున్నదో, పోరంబోకుగనే యున్నదో, యెవరి పేరనైన చేరినదో రెవిన్యూ లెక్కలలో ఒకమారు చూడుడు. అమ్ముట ఒక దినపు పని. మరల రాబట్టుట మనుమల కాలపు పని.