ప్లేట్‌లెట్లు నార్మలే.. మరి రక్తం ఎందుకు ఆగట్లేదు? కిడ్నీ రోగులకు ఇవి తెలియాలి

పన్ను పీకించుకుని ఇంటికొచ్చారు. సాయంత్రమైనా దూది తడుస్తూనే ఉంది. రిపోర్టు తీసి చూస్తే ప్లేట్‌లెట్లు 2 లక్షలు. అన్నీ బాగానే ఉన్నాయి కదా, మరి ఇదేంటని ఇంట్లోవాళ్ల కంగారు. దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ముదిరినవారికి ఇలాంటి పరిస్థితి రావచ్చు. చిత్రమేమిటంటే, అదే మనిషికి మరో రోజు డయాలసిస్ కోసం చేతికి వేసిన ఫిస్టులాలో రక్తం గడ్డకట్టి మూసుకుపోవచ్చు కూడా.

లెక్క సరే, పని చేయవు

దెబ్బ తగిలిన చోట మొదట అతుక్కుని రంధ్రం మూసేవి ప్లేట్‌లెట్లు. కిడ్నీలు వడకట్టని వ్యర్థాలు రక్తంలో పేరుకుంటే వీటికి అతుక్కునే శక్తి తగ్గుతుంది. మామూలు పరీక్ష ప్లేట్‌లెట్లను లెక్కపెడుతుందే తప్ప అవి ఎలా పనిచేస్తున్నాయో చెప్పదు.

రక్తహీనత ఇంకో కారణం. ఎర్ర రక్తకణాలు తగినన్ని ఉంటే ప్లేట్‌లెట్లను రక్తనాళం గోడవైపు నెడతాయి. అవి తగ్గితే ప్లేట్‌లెట్లు మధ్యలోనే కొట్టుకుపోతాయి. కిడ్నీ రోగులకు ఇచ్చే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ నీరసం తగ్గడానికే అనుకుంటాం. హిమోగ్లోబిన్ పెరిగితే రక్తస్రావం ముప్పు కూడా తగ్గుతుంది.

గడ్డకట్టడం సంగతేంటి?

ఈ జబ్బులో రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజన్ వంటివి రక్తంలో పెరుగుతాయి. గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎక్కువ కావడానికి ఇదీ ఓ కారణం. మూత్రంలో ప్రొటీన్ బాగా పోయేవారిలో, గడ్డకట్టకుండా కాపాడే యాంటీత్రాంబిన్ కూడా దాంతోపాటే పోతుంది. అలాంటివారికి ఒక కాలు ఉన్నట్టుండి వాచి నొప్పి పుడితే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

బాన్సువాడలో ఇది ఎందుకు ముఖ్యం?

ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ ఉచితం. బాన్సువాడ ఏరియా ఆస్పత్రిలో డయాలసిస్ కేంద్రం ఉండటంతో బీర్కూర్, బిచ్కుంద, పిట్లం వైపువారికి వారానికి రెండు మూడుసార్లు నిజామాబాద్ దాకా వెళ్లే బాధ తప్పుతుంది. అయితే ఫిస్టులా మూసుకుపోతే దాన్ని తెరవడానికి రక్తనాళాల నిపుణులున్న పెద్దాస్పత్రికి వెళ్లాల్సి రావచ్చు. హైదరాబాద్ సుమారు 150 కిలోమీటర్లు. అందుకే ఆలస్యం చేయకూడదు.

రోజూ పొద్దున, రాత్రి ఫిస్టులాపై వేళ్లు పెట్టి చూసుకోండి. సన్నటి జలదరింపు తెలియాలి. అది ఆగితే తర్వాతి డయాలసిస్ దాకా చూద్దామనుకోవద్దు, అదే రోజు కేంద్రానికి ఫోన్ చేయండి. ఆ చేతికి బీపీ చూడనివ్వొద్దు, రక్తం తీయనివ్వొద్దు. దానిపై ఒత్తిగిలి పడుకోవద్దు, బిగుతు గాజులు వేసుకోవద్దు. డయాలసిస్ తర్వాత బీపీ బాగా పడిపోయినా ఫిస్టులా మూసుకుపోవచ్చు.

మందుల షాపులో జాగ్రత్త

ఒళ్లునొప్పులకు అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు కిడ్నీలనూ ప్లేట్‌లెట్లనూ రెండింటినీ దెబ్బతీస్తాయి. గుండె డాక్టర్ రాసిన ఆస్పిరిన్ వేరే విషయం, దాన్ని సొంతంగా ఆపొద్దు. ఎనాక్సాపారిన్ వంటి ఇంజెక్షన్లు ఎక్కువగా కిడ్నీల ద్వారానే బయటకు పోతాయి. డోసు తగ్గించకపోతే ఒంట్లో పేరుకుంటాయి. కాబట్టి ఏ ఆస్పత్రిలో అడుగుపెట్టినా మొదట చెప్పాల్సింది కిడ్నీ జబ్బు గురించే.

డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. దాని ప్రభావం కొన్ని గంటలు ఉంటుంది. పన్ను పీకించుకోవాలంటే డయాలసిస్ లేని రోజు, అదీ కిడ్నీ డాక్టర్‌ను అడిగాకే. అవసరమైతే ముందుగా డెస్మోప్రెసిన్ ఇస్తారు. ఇది గంటలోపే పనిచేస్తుంది కానీ కొద్ది గంటలే నిలుస్తుంది.

ఇంట్లో ఫిస్టులా నుంచి రక్తం చిమ్మితే తువ్వాలు చుట్టి కూర్చోవద్దు. లోపల ఎంత పోతోందో కనిపించదు. రక్తం వచ్చే చోటే వేలితో గట్టిగా నొక్కి పట్టుకుని, చెయ్యి పైకెత్తి, పక్కవాళ్లతో 108కి ఫోన్ చేయించండి. అంబులెన్స్ వచ్చేదాకా వేలు తీయొద్దు.