అతిథికి బస - రైతుకు ఆసరా

ఊళ్లు చూడవచ్చిన దంపతులకు రైతు ఇంట్లోనే పడక, భోజనం దొరకడం ఇటలీలో మామూలే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి పల్లెజనం పట్నాల ఫ్యాక్టరీలకు తరలిపోయారు. సేద్యం గిట్టుబాటుకాక ఎన్నో ఇళ్లు పాడుపడ్డాయి. రైతు నేల వదలకుండా ఉండేందుకు 1985లో చట్టం వచ్చింది. రైతు కుటుంబం డబ్బు తీసుకుని అతిథులను ఉంచుకోవచ్చు. అయితే సేద్యమే ముఖ్య వృత్తిగా సాగాలి. 2006లో దాని స్థానే కొత్త చట్టం తెచ్చారు.

టస్కనీ ప్రాంతంలో ఇలాంటి ఇళ్లు అనేకం. చుట్టూ ద్రాక్ష, ఆలివ్ తోటలు. ఇంటావిడ పెట్టే రొట్టెలో ఉప్పుండదు. అక్కడి ఆనవాయితీ అది. ఆలివ్ నూనె పోసుకుని తింటారు.

పొద్దున్నే బయల్దేరితే సాన్ జిమిన్యానోలో ధనిక కుటుంబాలు పోటీపడి కట్టిన బురుజుల్లో మిగిలిన 14 చూడవచ్చు. పీసాలో 1173లో మొదలెట్టిన గోపురం మెత్తని నేలవల్ల ఒరిగింది. పడిపోతుందన్న భయంతో 1990లో మూసివేశారు. ఎత్తు వైపు పునాది కింద మట్టి తోడి, ఒరుగు తగ్గించి, 2001లో తెరిచారు.

గోపురం చూడవచ్చినవారి సొమ్ములో కొంత ఇలా సేద్యం చేసే ఇంటికీ చేరుతుండడం విశేషం.