కథకు తగిన మాట

కోస్తా జిల్లాలో పదవ తరగతి చదువుతున్న కుర్రవాడొకడు కథ వ్రాయబూనుకున్నట్లు ఊహించవచ్చు. ఇతివృత్తం కోసం అతడు ఎక్కడికీ పోనక్కరలేదు. కార్తీకమాసంలో తుఫాను వచ్చింది. కోసి ఆరవేసిన వరిపనలు కొన్ని గట్లు దాటి కొట్టుకుపోయాయి. మిగిలినవి నాలుగు రోజులు నీళ్లలో నానాయి. సాయంకాలం తండ్రి చేలోనుంచి వచ్చి, బురదకాళ్లయినా కడుక్కోకుండా అరుగు మీద కూర్చున్నాడు. కుర్రవాడు చూచినది ఇది. వ్రాసినది మరొకటి: ‘భానుడు పశ్చిమాద్రిని చేరెను. కృషీవలుడు ఖిన్నవదనుడై స్వగృహమునకు అరుదెంచెను. సస్యమునకు అపారనష్టము వాటిల్లెను.’

వ్యాకరణదోషం ఒక్కటీ లేదు. పంతులుగారు మార్కులు కూడా దండిగానే వేస్తారేమో! కాని ఆ మూడు వాక్యాలలో తండ్రి ఎక్కడా లేడు. ఆనాడు భార్య ముఖంలోకి చూడకుండా ఆయన అన్నమాట ఒకటున్నది: ‘పనల మీదే మొలకలొచ్చేశాయే.’ ఆ మాట కుర్రవానికి బాగా జ్ఞాపకమున్నది. ఉండి కూడా దానిని కాగితం మీదికి రానివ్వలేదు. ఇంటిమాట వేరనీ, వ్రాయదగిన మాట వేరనీ ఎవరో ఎప్పుడో అతని మనస్సులో నాటారు. ఏడాది కష్టం నీటిపాలైన సంగతి ‘అపారనష్టము’లో ఎవరికీ తగలదు, మొలకెత్తిన పనలో తగులుతుంది.

తగిన మాట అంటే అందమైన మాట అనుకోవడం వలననే ఈ చిక్కు వస్తున్నది. నిఘంటువులో పర్యాయపదాలు పక్కపక్కనే కూర్చుంటాయి గాని, లోకంలో ఒక్కొక్కదాని ఇల్లు వేరు, వాకిలి వేరు. ఊళ్లో ఒక వృద్ధుడు మరణించాడు. పెద్దమనుష్యులు ‘కాలం చేశారు’ అంటారు. వైష్ణవుల ఇంట ‘పరమపదించారు’ అంటారు. వీరశైవుల ఇంట ‘శివైక్యం చెందారు’ అంటారు. పత్రికలో ‘దివంగతులయ్యారు’ అని పడుతుంది. కొడుకు నోట ‘నాన్న పోయాడు’ అన్న రెండు మాటలకు మించి రావు. బాకీ రావలసినవాడు మాత్రం ‘నా సంగతి తేల్చకుండానే గుటుక్కుమన్నాడు’ అని గొణుక్కుంటాడు. నిఘంటుకారునికి ఇవన్నీ ఒక్క అర్థమే. కథకునికి వీటిలో ఏ రెండూ ఒకటి కావు; మాట ఎన్నుకోవడంతోనే పలికినవాని కులాచారమూ, చనువూ, ప్రేమా, కసీ బయటపడిపోతాయి. బాకీవాని మాట కొడుకు నోట పెడితే కథ తలక్రిందులవుతుంది.

కొత్తగా వ్రాసేవారికి ‘అన్నాడు’ అన్న క్రియ మీద ఎందుకో చిన్నచూపు. పుటకు పదిసార్లు వస్తున్నదని భయపడి ‘పలికెను’, ‘వచించెను’, ‘నుడివెను’, ‘వాక్రుచ్చెను’ అని వెదకి తెస్తారు. పాఠకుడు ‘అన్నాడు’ను గమనించనే గమనించడు, అదే దాని గొప్ప. ‘వాక్రుచ్చెను’ దగ్గర మాత్రం ఆగి, మాటలాడినవానిని విడిచి కథకుని వైపు చూస్తాడు.

మాట విలువ ఎరిగిన తెలుగు రచయితలలో గురజాడ అప్పారావు (1862–1915) సంగతి విద్యార్థులు కాస్త నిదానించి చూడదగినది. ఆయన ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్ర భారతి’లో వెలువడింది. తెలుగులో మొదటి కథానిక అదేనా, 1902 నాటి బండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’యా అన్న వాదాన్ని పండితులకు వదలివేయవచ్చు. ‘దిద్దుబాటు’లో జరిగినది స్వల్పం. చదువుకున్న గోపాలరావు సానిపాట విని, బాగా పొద్దుపోయాక ఇల్లు చేరతాడు. భార్య కమలిని కనబడదు. నౌకరు రాముడు నిద్రమత్తులో ఉంటాడు. బల్ల మీద ఉత్తరం దొరుకుతుంది. గోపాలరావు దానిని విప్పగానే మొదటి మాట దగ్గరే అతనికి దెబ్బ తగులుతుంది. ప్రియునికి తగిన సంబోధన ఉండవలసిన చోట పరాయి పెద్దమనిషిని పిలిచే గౌరవవాచకం ఉన్నది! భార్యాభర్తల నడుమ ఎంత ఎడం వచ్చినదో చెప్పడానికి మరొక రచయిత ఒక పుట వర్ణన చేసి ఉండేవాడు. గురజాడకు ఒక్క సంబోధన చాలింది. ఆ మాటలో కఠినత్వం లేదు, శాపం లేదు. ఎవరిని పిలిచినా మర్యాదే. మొగుణ్ణి పిలవడం వలననే అది చెంపపెట్టు అయింది.

ఆ కథకు పెట్టిన పేరైనా అటువంటిదే. ‘పరివర్తనము’ అనవచ్చు, ‘సంస్కారము’ అనవచ్చు. ఆ కాలానికి అవి గంభీరంగానే ఉండేవి. ఆయన బడిపిల్లవానికి సైతం తెలిసిన మాటను తీసుకున్నాడు. అక్షరాలు దిద్దుతాము, తప్పులు దిద్దుతాము, నుదుట బొట్టు దిద్దుకుంటాము. చదువుకున్న మగవానికి ఇల్లాలు తప్పు దిద్దినదన్న చమత్కారమంతా ఆ ఇంటిమాటలో ఇమిడిపోయింది.

ఇవి ఆయనకు ఒక్క ఊపులో దొరికినవని అనుకోరాదు. ‘కన్యాశుల్కం’ నాటకమే అయినా, తిరగవ్రాయడమంటే ఏమిటో కథకునికి అంత స్పష్టంగా చూపగల తెలుగు పుస్తకాలు అరుదు. 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయిన అయిదంకాల నాటకాన్ని ఆయన విడిచిపెట్టలేదు. 1909లో రెండవ కూర్పు వెలువడేనాటికి అది ఏడంకాలై, దాదాపు కొత్త గ్రంథమే అయింది. జనం మెచ్చిన పుస్తకాన్ని మళ్లీ విప్పి చూడడానికి ఎంత ఓపిక కావాలి! ఆ రెండవ కూర్పులో మధురవాణి మాట అగ్నిహోత్రావధాన్లకు అతకదు. లుబ్ధావధాన్ల మాట రామప్పపంతులుకు అతకదు. కథలో ఇంగ్లీషు మాటలు వాడవచ్చునా అని విద్యార్థులు తరచు అడుగుతుంటారు. గిరీశాన్ని చూస్తే సందేహం తీరుతుంది. వెంకటేశాన్ని, బుచ్చమ్మను బురిడీ కొట్టించడానికి ఇంగ్లీషే అతని ఆయుధం. అతని నోట అది తగినది. అవే మాటలు బుచ్చమ్మ నోట పడితే అబద్ధం.

ఇంటిమాట బడి గుమ్మం దాటడానికి పెద్ద పోరాటమే జరిగింది. ఇరవయ్యవ శతాబ్ది మొదటి దశకంలో ఉత్తర సర్కారులలో పాఠశాలల పర్యవేక్షకుడుగా ఉన్న యేట్స్ దొరకు జనం ఆడే తెలుగుకూ, పుస్తకాల తెలుగుకూ ఇంత దూరమెందుకన్న సందేహం కలిగింది. ఆ ప్రశ్నను గిడుగు రామమూర్తి (1863–1940) జీవితవ్రతంగా చేపట్టాడు. గురజాడ తోడు నిలిచాడు. ఆ తరువాత శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (1891–1961) గోదావరి సీమ స్త్రీల పలుకుబడితో కథలకు కథలే నడిపాడు. విశాఖపట్టణంలో న్యాయవాదియైన రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో కోర్టు వసారాల భాషను పట్టుకున్నాడు. పాకాల యశోదారెడ్డి పాలమూరు పల్లెభాషకు ‘మా ఊరి ముచ్చట్లు’లో పీట వేసింది.

దీని అర్థం ప్రతి మాటనూ యాసలో ముంచివేయమని కాదు. అలా చేసిన కథలు కొన్ని చదవడానికి అర్థతాత్పర్యాలు కావలసి వస్తున్నవి. వృత్తిపదాల సంగతీ అంతే. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదాలకు, 1971లో చేనేత పదాలకు వృత్తి పదకోశాలు వెలువరించింది. ప్రాంతప్రాంతానా ఆ పనివారు వాడే పేర్లు అందులో చేరాయి. ప్రతి పాఠశాల గ్రంథాలయంలోనూ ఉండదగిన పుస్తకాలవి. అయితే మేడి, కర్రు, కాడి అని వరుసగా ఏకరువు పెట్టినంత మాత్రాన కథలో నాగలి కదలదు. రైతు చెయ్యి ఆ క్షణాన మేడి మీద ఉంటే ఆ ఒక్క మాట చాలు. పనిముట్టుకు ఒక్కొక్క సీమలో ఒక్కొక్క పేరుంటుంది గనుక, కథ ఏ ఊళ్లో జరుగుతున్నదో కథకుడు ముందే తేల్చుకోవలసి ఉంటుంది.

మొదటి కుర్రవాని దగ్గరకు మళ్లీ వస్తే, అతడు కథను తిరగవ్రాసి నాయనమ్మకు చదివి వినిపించాడనుకోవచ్చు. భానుడు పోయాడు, కృషీవలుడు పోయాడు, ‘పొద్దు గూకింది’ వచ్చింది. తండ్రి అన్న మాట అన్నట్టే ఉన్నది. ‘నాలుగు రోజులు ముసురు పట్టింది’ అన్నచోట ముసలామె ఆపింది. ‘ముసురుకు పనలు కొట్టుకుపోతాయిట్రా? అది గాలివాన’ అన్నది. అతడు ఆ మాట దిద్దుకున్నాడు. కొంతసేపు ఊరక కూర్చుని, ‘ఖిన్నవదనుడై’ అన్నది ఇంకా మిగిలి ఉండడం చూచి దానిని కొట్టివేశాడు. ఆ చోట తండ్రి ఆ పూట కాళ్లు కడుక్కోలేదని వ్రాసుకున్నాడు.