లాడము లేని గుఱ్ఱపు గిట్ట

లాడము లేని గుఱ్ఱము రాతిబాటపై కుంటినయెడల, గిట్టయడుగున పేరుకొన్న గట్టిపొరయే దోషమని కొందఱు దానిని కత్తితో చెక్కింతురు. మేమును ఒకప్పుడట్లే చేయించి, మంచి తట్టును నెలదినములు కొట్టమున కట్టివేయవలసినవారమైతిమి. ఆ పొరయే దానికి చెప్పు.

ప్రాచీన గ్రీకులు గుఱ్ఱములకు మేకులతో లాడములు కొట్టి యెఱుగరు. క్రీ. పూ. 4వ శతాబ్దమున సెనొఫను అను సేనాని అశ్వములనుగూర్చిన తన గ్రంథమున నొక యుపాయము చెప్పెను. పిడికిటికి పట్టునంత గుండ్రని రాళ్లు నాలుగైదు బండ్లు కొట్టము వెలుపల పఱచి, చెదరకుండ చుట్టును ఇనుపకట్టు వేసి, మాలీసువేళ గుఱ్ఱమును వానిపై నిలుపవలెను. ఈగలు ముసిరినప్పుడు అది కాళ్లు కదల్చుటయు రాతిబాటపై నడచుటతో సమానమట! ఎంత చక్కని పరిశీలన! మనకు ఇనుపకట్టేల? ఏటిగులకరాళ్లకు తాటిదుంగల యడ్డు చాలును.

అయితే తొలుత కొలదిసేపే నిలిపి, క్రమముగా కాలము పెంచవలెను. గిట్ట నెలకు అంగుళములో మూడవవంతు మాత్రమే పెరుగును గనుక ఫలితమునకు మాసములు పట్టును. రాత్రి మూత్రపు బురదలో నిలిచిన గిట్టకు పగటి రాళ్లు మేలుచేయవు. కొట్టపు నేల వాలుగా, పొడిగా నుండవలెను. గిట్ట వేడెక్కినను, దుర్గంధము కొట్టినను రాళ్లమాట మాని వెంటనే పశువైద్యునికి చూపవలెను.