పాలివ్వని పోతు, పాలిచ్చే మేక



మన అనంతపురం సీమలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లు. అదీ సరిగా పడని ఏడు వేరుశనగ కాయ పట్టకముందే చెట్టు వాడిపోతుంది. ఆవును అమ్ముకున్న ఇంట్లో కూడ రెండు మేకలు మిగులుతాయి. తుమ్మకాయలు, రేగాకు, వేపమండ తిని అవి ఎండాకాలం దాటుతాయి. ఆ ఇంటి బిడ్డ చేతికి అందే గ్లాసెడు పాలు వాటివే. కాబట్టి మేకకు పాలు ఎక్కడి నుండి వస్తాయో తెలిసికొనుట మన కుటుంబాలకు అవసరమైన సంగతి.

ఒకే దొడ్డిలో ఉండి, ఒకే కంప మేసిన రెండు మేకలను చూడండి. ఒకటి ఇద్దరు పిల్లలను పెంచి, ఇంటికి కూడ పావుశేరు పాలిస్తుంది. రెండవదాని పిల్ల ఒక్కటే అయినా కడుపు నిండక అరుస్తూనే ఉంటుంది. వయస్సు, ఎన్నవ ఈత, రోగము, ఇవన్నీ లెక్కలోనివే. అయితే ఒకే మందలోని మేకల పాలలో కనబడే తేడాలో సుమారు మూడవ వంతు పుట్టుకతో వచ్చినదని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. మిగిలినది మేపు, నీరు, నీడ. మేక కణములో 60 క్రోమోజోములు ఉంటాయి. సగం తల్లివి, సగం పోతువి. పాలకు సంబంధించిన జన్యువు ఒకటి కాదు, ఎన్నో ఉన్నాయి; ఒక్కొక్కటి కొంచెము కొంచెము పని చేస్తుంది.

ఇక్కడే మన పల్లెల్లో ఎవరూ అంతగా తలంచని విషయం ఒకటున్నది. పోతుకు పొదుగు లేదు గాని, కూతురి పొదుగులో సగం దానిదే. ఒక మేక ఈతకు ఒకటి రెండు పిల్లలనే కంటుంది. పాతిక మేకలున్న మందలో ఒక్క పోతు ఒక్క ఏడులోనే పది పదిహేను పెంటిపిల్లలకు తండ్రి అవుతుంది. మరి మనం చేస్తున్నదేమిటి? బాగా ఎదిగిన పోతుపిల్లకు మంచి ధర పలుకుతుంది గనుక మొదట దానినే అమ్ముతాము. చిక్కినది, ఎవరూ కొననిది మిగిలి, అదే మందను దాటుతుంది. పిల్లల బడి ఖర్చులకు డబ్బు కావలసిన తల్లిని ఈ విషయంలో నిందించలేము. అయినా ఏటేటా మంద పాలు తగ్గుటకు దారి అదే.

ఆదికాండము 30, 31 అధ్యాయములు చదివినవారికి యాకోబు మందల సంగతి తెలుసు. చువ్వల మీద ఎన్నో ప్రసంగాలు విన్నాము. కాని కలలో అతనికి చూపబడినవి మందను దాటుచున్న మగవి. పశువులు కాచినవారికి ఆ మాట ఇట్టే అర్థమవుతుంది.

పోతును దాని తల్లిని బట్టి ఎంచుకోవాలి. తల్లి పాలు కొలుచుట కష్టమేమీ కాదు. రాత్రి పిల్లలను గంప క్రింద మూసి, తెల్లవారి పితికి, ఒకే గ్లాసుతో కొలిచి, గోడ మీద బొగ్గుతో గీత పెట్టండి. వారానికి ఒకసారి చాలు. మొదటి ఈతలో పాలు తక్కువే ఉంటాయి, రెండవ మూడవ ఈతలు చూచి తీర్పు చెప్పండి. పితికే అలవాటు లేని ఇంట్లో పిల్లలనే చూడండి. నెల దినాలకు కవలలిద్దరూ నున్నగా, బరువుగా ఉంటే తల్లికి పాలున్నట్లే. అటువంటి తల్లికి పుట్టిన పోతుపిల్లను అమ్మవద్దు.

కొందరు పై జాతులను తెద్దామంటారు. ఉత్తరప్రదేశ్‌ ఇటావా ప్రాంతపు జమునాపారి, పంజాబు బీటల్ మంచి మేపు ఉంటే రోజుకు లీటరు, రెండు లీటర్లు ఇస్తాయి. స్విట్జర్లాండు సానెన్ మూడు లీటర్లు కూడ ఇస్తుంది. కాని పెద్ద దేహానికి పెద్ద మేపు కావాలి. మన ఎండలో, మన కంపల మధ్య ఆ జన్యువులకు పని చేసే అవకాశమే దొరకదు. అందుచేత ఉన్న నల్లమేకలలోనే మంచివాటిని ఎంచుకొనుట మేలని మా అభిప్రాయము.

పాల చిక్కదనము కూడ పుట్టుకలోనే ఉన్నది. ఆల్ఫా ఎస్‌1 కేసీన్ అనే మాంసకృత్తును చేసే జన్యువుకు బలమైన రూపాలు, బలహీనమైన రూపాలు ఉన్నవి. బలమైన రూపము ఒక్కొక్కటి లీటరు పాలలో సుమారు 3.6 గ్రాములు చేర్చితే, బలహీనమైన ఒక రూపము 0.6 గ్రాములే చేర్చుతుంది. ఐరోపా మేకలలో ఈ బలహీన రూపాలు చాలా కనబడ్డాయి. మన దేశపు జాతులను పరీక్షించినప్పుడు ఎక్కువగా కనబడినవి బలమైనవే. మన మేక పాలు కొంచెమే గాని, ఆ కొంచెములో సారమున్నది. (అయినా కాచి త్రాగించండి. పచ్చిపాల వలన మాల్టా జ్వరము వస్తుంది. ఏడాది నిండని పసివానికి మేకపాలే ఆహారము చేయకూడదు.)

ఇంకొక మాట. పోతు రెండేండ్లు దాటి అదే మందలో ఉంటే తన కూతుళ్లనే దాటుతుంది. పిల్లలు బలహీనమవుతాయి, పాలు తగ్గుతాయి. నాలుగైదు ఇండ్లవారు కలిసి ఒక మంచి పోతును ఉంచుకొని, రెండేండ్లకొకసారి దూరపు ఊరి మందతో మార్చుకొంటే ఖర్చు లేదు. మిగిలిన పోతుపిల్లలకు మూడు నెలలు నిండకముందే పశువైద్యశాలలో విత్తు కొట్టించండి. అవి చక్కగా కండపట్టి సంతలో మంచి ధరకే పోతాయి, మంద జోలికి రావు.