మాట నుండి బొమ్మ దాకా



మనిషి మాట్లాడితే విని అక్షరాల్లో రాసే యంత్రం ఒకటి. ఆ అక్షరాలను చదివి బొమ్మ గీసే యంత్రం మరొకటి. అవే అక్షరాలను గొంతుతో వినిపించే యంత్రం ఇంకొకటి. ఇవన్నీ విడివిడిగా ఇప్పుడు సెల్‌ఫోన్‌లోకే వచ్చేశాయి. వీటిని గొలుసులాగా ఒకదానికొకటి తగిలిస్తే ఒక చివర మాట పడుతుంది, ఇంకో చివర వీడియో బయటికి వస్తుంది. మధ్యలో ఎవరూ మీట నొక్కనక్కర లేదు. దీన్నే ఆటోమేటిక్ వర్క్‌ఫ్లో అంటున్నారు.

మన కర్దనూర్ చుట్టుపక్కల కర్మాగారాల్లో పనిచేసే వాళ్ళు ఎవరినడిగినా దీని సంగతి సులువుగానే చెప్తారు. బెల్టు మీద ముడి సరుకు పెడితే ఒక్కో మిషన్ ఒక్కో పని చేసి ముందుకు తోస్తుంది. ఇక్కడ ముడి సరుకు మన మాట. ఈ గొలుసు ఎట్లా పనిచేస్తుంది, అందులో తప్పు ఎట్లా ప్రయాణిస్తుంది, దాన్ని ఆపడానికి మనిషి ఎక్కడ నిలబడాలి అనే మూడు విషయాలను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాము.

వెనకటి పద్ధతి

మాటను విని రాసే పని మన ప్రాంతానికి కొత్తది కాదు. 1990ల చివరిలో, 2000 తరువాత కొన్నేళ్ళపాటు హైదరాబాదులో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కోర్సులకు మంచి గిరాకీ ఉండేది. అమెరికాలో డాక్టరు రోగిని చూశాక వివరాలను తన గొంతుతో రికార్డు చేసేవాడు. ఆ రికార్డు ఇంటర్నెట్ ద్వారా ఇక్కడికి చేరేది. మన యువతీయువకులు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలి కింద పెడల్ నొక్కుతూ, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ టైపు చేసేవారు.

ఆ పనిలో రెండు మంచి నియమాలు ఉండేవి. మాట సరిగా వినబడకపోతే ఊహించి రాయరాదు; అక్కడ ఖాళీ వదిలి గుర్తు పెట్టాలి. రెండోది, ఒకరు రాసినదాన్ని మరొకరు విని సరిచూడాలి. మందు మోతాదులో ఒక్క అంకె తప్పినా ప్రాణం మీదికి వస్తుంది కదా! ఈ రెండు నియమాలను గుర్తుంచుకోండి. మళ్ళీ వీటి దగ్గరికే వస్తాము.

గొలుసులో ఐదు మెట్లు

మొదటి మెట్టు వినడం. మైకులో పడిన శబ్దాన్ని కంప్యూటర్ సాధారణంగా సెకనుకు 16,000 సార్లు కొలిచి అంకెలుగా మార్చుకుంటుంది. ఏ క్షణంలో ఏ స్థాయి ధ్వని ఎంత బలంగా ఉందో ఒక పటంలాగా తయారు చేసుకుంటుంది. అంతకుముందు తనకు నేర్పిన వేల గంటల మాటలతో పోల్చి, ఇది ఫలానా అక్షరం, ఫలానా పదం అయి ఉండవచ్చని అంచనా వేస్తుంది. అంచనా అన్న మాటను గమనించండి. యంత్రానికి నిశ్చయం లేదు, సంభావ్యత మాత్రమే ఉంది.

రెండో మెట్టు పంచడం. రాసిన పాఠాన్ని చిన్నచిన్న దృశ్యాలుగా విడగొడుతుంది. మూడోది అనువాదం. నాలుగోది గొంతు, బొమ్మ. బొమ్మ గీసే యంత్రం మొదట చుక్కల గందరగోళంతో మొదలుపెట్టి, మనం ఇచ్చిన వాక్యానికి తగ్గట్టు మెల్లమెల్లగా ఆ చుక్కలను సర్దుకుంటూ రూపం తెస్తుంది. ఐదోది కూర్పు. గొంతును, బొమ్మను, కింద వచ్చే అక్షరాలను కలిపి ఒకే వీడియోగా కడుతుంది.

ఈ ఐదింటినీ కలిపేది ఒక చిన్న ప్రోగ్రాం. ఫలానా ఫోల్డర్‌లో కొత్త ఆడియో ఫైలు పడగానే మొదటి యంత్రాన్ని లేపు, అది ఇచ్చినదాన్ని రెండోదానికి అందించు అని అందులో రాసి ఉంటుంది. అంతకుమించి దానికి తెలివి లేదు. ఇంట్లో ఒకరు అందిస్తే ఒకరు అందుకుని ఇటుకలు పైకి చేరవేసినట్టే.

ఇటువంటి గొలుసు మీద మనకు దగ్గరలోనే, గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో పరిశోధన జరిగింది. ఆచార్య సి.వి. జవహర్ తదితరుల బృందం 2019లో ఒక పద్ధతిని ప్రకటించింది. ఒక భాషలో మాట్లాడే మనిషి వీడియోను తీసుకుని, ఆ మాటను అక్షరాలుగా మార్చి, వేరే భాషలోకి అనువదించి, ఆ భాషలో గొంతు పుట్టించి, చివరికి పెదవుల కదలికను కూడా కొత్త మాటకు సరిపోయేలా మార్చే పద్ధతి అది. 2020లో అదే సంస్థ నుండి వచ్చిన వావ్‌టులిప్ అనే నమూనాను ప్రపంచంలో ఎన్నో దేశాలవారు వాడారు. ఒకే పాఠాన్ని ఎన్నో భాషల పిల్లలకు వారివారి భాషల్లో వినిపించడానికి ఇది పనికివస్తుంది.

తప్పు ఎట్లా ప్రయాణిస్తుంది?

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక్కో మెట్టు నూటికి 95 సార్లు సరిగా పనిచేస్తుందనుకోండి. మంచి మార్కులే! కానీ ఐదు మెట్లూ వరుసగా సరిగా జరిగేది నూటికి 77 సార్లే. 0.95ను ఐదు సార్లు గుణించి చూస్తే మీకే తెలుస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. అన్ని మెట్లలో మొదటి మెట్టు తప్పే ప్రమాదకరం. ఉదాహరణకు మన ఊళ్ళో ఒక అవ్వ, "మొగులైంది, కందులు లోపటికి తీస్కపోండ్రి" అన్నదనుకుందాం. మొగులైంది అంటే మబ్బు పట్టింది అని. పుస్తక భాష మాత్రమే ఎరిగిన యంత్రం దాన్ని "మొదలైంది" అని రాసుకుంటే? పంచే యంత్రానికి అది తప్పని తెలియదు. అనువాద యంత్రం ఇంగ్లీషులో, హిందీలో చక్కగా "మొదలైంది" అనే రాస్తుంది. బొమ్మలో ఎండ కాస్తుంటుంది, కందులు లోపలికి పోతుంటాయి. గొంతు స్పష్టంగా ఉంటుంది, రంగులు అందంగా ఉంటాయి. చూసినవారికి అవ్వ మాట అవ్వదిగా ఉండదు, అయినా ఎక్కడా అనుమానం రాదు. అందమైన వీడియో మొదటి మెట్టు తప్పును కప్పేస్తుంది.

పాత టైపిస్టు ఇక్కడ ఖాళీ వదిలేవాడు. యంత్రం తనంతట తాను ఖాళీ వదలదు, ఏదో ఒకటి నింపుతుంది. 2022 సెప్టెంబర్‌లో ఓపెన్ ఏఐ సంస్థ విడుదల చేసిన విస్పర్ అనే నమూనాను కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వారి సహచరులు పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. వారు పరీక్షించిన ముక్కల్లో సుమారు నూటికి ఒకదానిలో ఎవరూ అనని వాక్యాలను అది సొంతంగా చేర్చింది. మాట మధ్య ఎక్కువసేపు ఆగి మాట్లాడేవారి దగ్గర ఇది ఎక్కువగా జరిగింది.

పారిశ్రామికవాడలో దీని విలువ

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు కర్మాగారాల్లో తెలుగువారితో పాటు ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల కార్మికులు పనిచేస్తున్నారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. వారిలో ఇతర రాష్ట్రాలవారు చాలామంది ఉన్నారు. ఆ ప్రమాద కారణాల జోలికి ఇక్కడ మేము పోవడం లేదు. కానీ భద్రతా సూచన ప్రతి ఒక్కరికీ తన భాషలో అందాలన్నది మాత్రం ఎవరైనా ఒప్పుకునే మాట. సూపర్‌వైజర్ ఒక్కసారి తెలుగులో చెప్తే ఆ సాయంత్రానికి ఒడియాలో, హిందీలో బొమ్మలతో సహా వీడియో తయారు చేయగల గొలుసు ఇటువంటి చోట ఎంతో మేలు చేస్తుంది.

అదే గొలుసు కీడు కూడా చేయగలదు. "మూత తియ్యొద్దు" అన్న మాటలో చివరి భాగం మిషన్ హోరులో కలిసిపోతే మిగిలేది "మూత తియ్యి". ఒక తెలుగు వాక్యంలోని తప్పు మూడు భాషల్లో, బొమ్మతో సహా గోడ మీది టీవీలో రోజంతా తిరుగుతుంది. అందుకే ఇటువంటి చోట రెండు జాగాల్లో మనిషి తప్పనిసరి. మాట అక్షరమైన వెంటనే మాట్లాడిన వ్యక్తికి లేదా ఆ పని తెలిసిన వ్యక్తికి చదివి వినిపించి ఒప్పించుకోవాలి. వీడియో బయటికి పోయే ముందు ఆయా భాషల కార్మికుడు ఒకరు చూసి సరేననాలి. ఈ రెండు సంతకాలు లేనిదే గొలుసు ముందుకు కదలకుండా ప్రోగ్రాంలోనే రాసుకోవచ్చు. ఇది కష్టమైన పని కాదు.

మన యాస యంత్రానికి ఎక్కాలంటే

విస్పర్‌కు మొత్తం 6,80,000 గంటల శబ్దంతో శిక్షణ ఇచ్చారు. అందులో తెలుగు విని తెలుగులో రాయడం నేర్పడానికి వాడింది పది గంటలు కూడా లేదు. కోట్లమంది మాట్లాడే భాషకు దక్కిన వాటా అది! విననిదాన్ని యంత్రం ఎట్లా నేర్చుకుంటుంది?

ఈ లోటు తీర్చే ప్రయత్నాలు మన దేశంలో జరుగుతున్నాయి. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ప్రజల నుండి సుమారు 2,000 గంటల తెలుగు మాటలను సేకరించే పని చేపట్టింది. కేంద్ర ప్రభుత్వ భాషిణి వేదిక 2022 జూలైలో మొదలైంది. ఐఐటీ మద్రాసులోని ఏఐ ఫర్ భారత్ బృందం 2024లో ఇండిక్ వాయిసెస్ పేరుతో 145 జిల్లాల నుండి 16,237 మంది గొంతులతో 22 భాషల సేకరణను ప్రకటించింది.

మన జిల్లా కూడా ఈ విషయంలో పేదది కాదు. ఝరాసంగం మండలం మాచనూరులో 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత మహిళలే దాన్ని నడిపారు. విత్తనాల గురించి, పంటల గురించి, పాటల గురించి మన యాసలోనే మాట్లాడారు. చదువు రానివారని లోకం పక్కన పెట్టిన వారి మాటకు మైకు ముందు ఎంత విలువ ఉందో ఆ రేడియో చూపింది. రేపటి యంత్రాలు అటువంటి గొంతులను అర్థం చేసుకోకపోతే, ఆ మాటలు మళ్ళీ పక్కకే పోతాయి.

మనం చేయగల పని

దసరా, సంక్రాంతి సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మమ్మతోనో, తాతతోనో ఒక పది నిమిషాలు మాట్లాడించి ఫోన్‌లో రికార్డు చేయండి. ముందుగా వారి అనుమతి అడగండి. దేనికి వాడతామో చెప్పండి. ఫ్యాను ఆపి, టీవీ ఆపి, ఫోన్‌ను దగ్గరగా పెట్టండి. యంత్రంతో రాయించండి. తరువాత మీరే విని, ఎర్ర పెన్నుతో దిద్దండి. అర్థం కానిచోట ఊహించకుండా ఖాళీ వదిలి, వారినే అడిగి నింపండి. యాసను పుస్తక భాషలోకి మార్చకండి. ఆ తరువాతే బొమ్మలు గీయించండి, గీసిన బొమ్మను వారికి చూపించి "మన ఇల్లు ఇట్లనే ఉంటదా?" అని అడగండి. యంత్రం చేసిన బొమ్మ అని కింద రాయండి. ఎవరి గొంతునూ వారికి తెలియకుండా వాడకండి.

ఇట్లా ఒక్కో విద్యార్థి ఒక్కో రికార్డు తెచ్చినా వచ్చే వార్షికోత్సవం నాటికి మన హాస్టల్‌లో ఒక మంచి భాండారం తయారవుతుంది. దిద్దిన ప్రతి పదమూ రేపటి యంత్రానికి ఒక పాఠమే. "మొగులైంది" అనగానే ఆకాశంలో మబ్బు గీసే యంత్రం రావాలంటే, ఆ మాట తెలిసిన మనమే దానికి నేర్పాలి.